నడిపొద్దు లెక్క

ఆ ఎండాకాలంలో నా పేరు మీద లెక్కకెక్కిన తూనీగలు రెండు వేల మూడు వందల పద్నాలుగు. వాటిలో నేను కళ్ళారా చూసినవి రెండు వందలు కూడా ఉండవు. మిగతావన్నీ లస్మయ్య చూశాడు. అతను ఎండలో నిలబడి చూస్తే, నేను ఏసీ గదిలో కూర్చుని యాప్‌లో ఎక్కించాను.

ఖతార్‌లో తూనీగలేమిటని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. దోహాకు దక్షిణాన, నగరం వాడి పారేసిన నీళ్ళను శుద్ధి చేసి ఎడారిలోకి వదిలే చోట ఒక పెద్ద మడుగు తయారైంది. చుట్టూ రెల్లు, జమ్ము ఏపుగా పెరిగాయి. కొంగలొచ్చాయి, రాజహంసలొచ్చాయి, తర్వాత కంచె వచ్చింది, ఇది రక్షిత ప్రాంతం అన్న బోర్డు వచ్చింది. చివరికి ఇనెస్ వచ్చింది. స్పెయిన్ మనిషి. మధ్యధరా సముద్రం ఒడ్డున చిత్తడి నేలల్లో ఇరవై ఏళ్ళు కీటకాల లెక్క తీసి, ఇక్కడ ఏదో యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వచ్చి, ఊరుకోలేక స్వచ్ఛందంగా ఎవరైనా వస్తారా అని ప్రకటన ఇచ్చింది. పన్నెండు మందిమి చేరాం. వాళ్ళలో చీర కట్టుకుని వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

నేను కాకినాడలో పదకొండేళ్ళు జువాలజీ లెక్చరర్ని. ఆయన ఉద్యోగం కోసం అది వదులుకుని దోహా ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో తొమ్మిదేళ్ళుగా పప్పులోకి పోపు పెడుతున్నాను. ఇనెస్ ప్రకటన చూసిన రోజు నాకు ఆకలి వేసినట్టు అయింది. ఇలా చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఈ కథలో సిగ్గుపడాల్సినవి ఇంకా పెద్దవి ఉన్నాయి.

మార్చిలో మొదటి శుక్రవారం పంపు షెడ్డు దగ్గర ఒక ఎర్ర తూనీగను పుస్తకంలో బొమ్మతో సరిచూసుకోలేక తంటాలు పడుతున్నాను. నేను పేజీ తిప్పేలోగా అది ఎగిరిపోతోంది. షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్న నారింజ రంగు డ్రెస్సు మనిషి నవ్వాడు.

"అది మౌలాలి అమ్మా. ఎటు వోదు. మల్ల గా పుల్ల మీదికే వస్తది."

నేను దాన్ని పైకే, అదీ తెలుగులో తిడుతున్నానని అప్పుడు తెలిసింది. అది నిజంగానే తిరిగొచ్చి అదే పుల్ల మీద వాలింది. మౌలాలి ఎవరని అడిగాను. వాళ్ళ ఊళ్ళో పీర్ల పండుగకు ఎర్ర శాలువా కప్పుకుని తిరిగే మనిషట. ఊరంతా తిరిగినా పొద్దు వాలేసరికి తన అరుగు మీదే కూర్చుంటాడట. అలాగే లావుపాటి నీలి తూనీగ పేరు బాలవ్వ. కూర్చుందంటే ఇక లేవదు.

అతను లస్మయ్య. మెట్‌పల్లి దగ్గర పల్లె. మడుగులో నీళ్ళు తోడే పంపుల జాలీకి అడ్డం పడే నాచు, రెల్లు చెత్త తీసిపారేయడం అతని డ్యూటీ. తెల్లవారుజామున కంపెనీ బస్సు దింపిపోతే మళ్ళీ సాయంత్రమే ఎక్కించుకునేది. పదకొండేళ్ళు పుస్తకాలు పట్టుకుని పాఠాలు చెప్పినా నాకు పట్టుబడని చూపు అతనికి ఊరికే వచ్చింది. ఏ తూనీగ ఏ వేళకు ఏ గట్టున ఉంటుందో చెప్పేవాడు. నేను శుక్రవారం శుక్రవారం పులిహోరా గోంగూర పచ్చడీ డబ్బాలో పెట్టి తీసుకెళ్ళేదాన్ని. "మీ చేతి ఉప్పు తింటున్న అమ్మా" అనేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు. అయినా నేను నువ్వు అనేదాన్ని, అతను మీరు అనేవాడు. ఇద్దరికీ అందులో తేడా ఏమీ తోచలేదు.

మడుగు డ్యూటీ అతనికి దేవుడిచ్చిన వరం. రెండేళ్ళ కింద మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీ సైటు మీద ఎండదెబ్బకు పడిపోయి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇంకోసారి పడితే కష్టం అని డాక్టరు చెప్పి పంపాడు. కూలీల బస చూసే క్యాంప్ బాస్ గడ్డం పట్టుకుని బతిమాలి ఇక్కడికి వేయించుకున్నాడు. ఇక్కడైతే నీళ్ళున్నాయి, నీడ ఉంది, షెడ్డులో ఫ్యాను ఉంది.

"మెసయీద్ తప్ప ఏడికి పంపినా వోత అమ్మా" అన్నాడొకసారి, పులిహోర తింటూ, మామూలుగా. "ఆడికి మల్ల వోతె పెట్టెల పండుకొని ఇంటికి వోవుడే."

ఈ మాట నాకు మార్చిలోనే తెలుసు. అది గుర్తుంచుకోండి.

మే నెలాఖరుకు ఇనెస్ మమ్మల్నందర్నీ పిలిచి, అక్టోబరు దాకా సెలవు అని చెప్పింది. ఎండల్లో వలంటీర్లను లోపలికి రానివ్వరు. లెక్క తీసే పద్ధతికి ఒక కాగితం ఉంది. ఒకే దారిన ఐదు వందల అడుగులు నడవాలి, అటూ ఇటూ కనిపించినవి రాసుకోవాలి, పొద్దున పదకొండుకూ మధ్యాహ్నం రెండుకూ మధ్య నడవాలి. తూనీగలకు వెచ్చని ఎండ కావాలి గనక ఆ నియమం. అది ఇనెస్ వాళ్ళ సముద్రం ఒడ్డున, చల్లగాలి వీచే దేశాల్లో రాసుకున్న నియమం. ఇక్కడ జూన్‌లో ఆ వేళకు బయట నిలబడితే చెప్పుల అడుగు మెత్తబడుతుంది. అందుకని పట్టికలో నాలుగు నెలల గడులు ఖాళీగా వదిలేద్దాం అంది ఇనెస్. ఖాళీ కూడా ఒక సమాచారమే అంది.

ఆ ఖాళీ నాకు నిద్ర పట్టనివ్వలేదు. పట్టిక ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించుకున్నాను.

మా ఆయన వేణుగోపాలరావు గారు ఒక పెద్ద కంపెనీలో సేఫ్టీ మేనేజరు. ఆయన ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ కాగితం చూసి, చివరికి ఒకరోజు అన్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సావిత్రీ? ఆ స్పెయినావిడకే లేని బాధ నీకేమిటి?"

ఆ మర్నాడే లస్మయ్యకు ఫోన్ చేశాను. షెడ్డులో కూర్చునే ఉంటావు కదా, మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్క అరగంట గట్టు మీద నడిచి, కనబడినవాటి ఫోటోలు పంపిస్తావా అని అడిగాను.

"పొద్దుగాల ఆరింటికైతె మస్తుంటయమ్మా. నడిపొద్దుకు అవి గూడ నీడకు వోతయ్. వాటికి గంత తెలివుంది."

పొద్దున కుదరదనీ, పద్ధతి అంటే పద్ధతేననీ చెప్పాను. పన్నెండు గంటల లెక్క లేకపోతే మిగతా నెలలతో పోల్చడానికి పనికిరాదన్నాను. నా గొంతు క్లాసులో లెక్చరర్ గొంతులా ఉందని నాకే తెలిసింది. "సరె అమ్మా, మీరు అడిగినంక కాదంటనా" అన్నాడు.

జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు పదిహేను దాకా పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకూ ఆరుబయట పని ఇక్కడ నిషేధం. ఆ సంగతి నాకు తెలియదని ఎవరూ అనుకోకండి. ఆ హెచ్చరిక పోస్టరును ఆరు భాషల్లో వేయించిన కమిటీలో మా ఆయన ఉన్నారు. తెలుగు పోస్టరు రాసింది నేను. 'ఎండ వేళ ఆగండి. ఇంటి దగ్గర మీ కోసం ఒకరు చూస్తున్నారు' అని. అది చాలా కంపెనీల్లో గోడలకెక్కింది. పంపు షెడ్డులో కూడా ఉంది. లస్మయ్య దాన్ని చదివి, ఈ తెలుగు మన తీరు లేదు గాని మంచిగుంది అన్నాడు. రాసింది నేనని చెబితే ఎంతో సంబరపడ్డాడు.

జూన్ అంతా ఫోటోలు వచ్చాయి. మొదట మసక మసగ్గా ఉండేవి, తర్వాత చక్కగా కుదిరాయి. ఒక్కోదాని కింద గొంతు సందేశం. ఇయ్యాల మౌలాలిలు తొమ్మిది, బాలవ్వలు నాలుగు. మాటల మధ్య ఆయాసం వినిపించేది. నేను ఆ ఆయాసాన్ని దాటుకుని అంకెలు రాసుకునేదాన్ని. జూలై మొదట్లో ఒకరోజు, తల తిరుగుతోంది అమ్మా, రేపు వద్దా అన్నాడు. నిమ్మకాయ, ఉప్పు కలిపిన నీళ్ళు తాగమన్నాను. వద్దని మాత్రం అనలేదు. అతను కూడా మళ్ళీ అడగలేదు.

జూలై పంతొమ్మిదిన, పన్నెండు నలభైకి, ఆ ఫోటో వచ్చింది. తూము కింద నీడలో, తడి రాయి మీద చిన్న తూనీగ. రెక్కల మీద పసుపు పట్టీ. నేను పుస్తకాలన్నీ తిరగేశాను. ఈ దేశం జాబితాలో అది లేదు. వంటింట్లో నిలబడి మరోసారి చూశాను. పెళ్ళయి పాతికేళ్ళయింది, కూతురు పుట్టినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. ఎవరైనా తిడితే తిట్టండి.

లస్మయ్యకు ఫోన్ చేసి చెప్పాను. అతను దానికి అప్పుడే పేరు పెట్టేశాడు. గంగామణి. అతని భార్య పేరు. కనబడినట్టే కనబడి పనికి పోతుంది, ఒక్కచోట నిలవదు, అచ్చం ఆమె లెక్కే అన్నాడు. "ఆ పేరు బుక్కుల రాస్తరా అమ్మా?" అన్నాడు. పురుగులకు లాటిన్ పేర్లుంటాయి లస్మయ్యా, అలా ఎవరి పేరు పడితే వాళ్ళ పేరు పెట్టరు అని నవ్వాను. అతనూ నవ్వాడు. కానీ ఇంటికి ఫోన్ చేసి భార్యకు చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

ఇనెస్ సెలవులకు స్పెయిన్ వెళ్ళింది. అక్కడి నుంచి ఫోటో చూసి మూడు ఫోన్లు చేసింది. నువ్వు లోపలికి ఎలా వెళ్ళావని అడిగితే, సైటు మనిషి ఒకతను ఇష్టపడి తీశాడని చెప్పాను. పేరు అడిగితే చెప్పాను. ఇనెస్ మంచి మనిషి. చచ్చేంత మంచి మనిషి. జీతం లేకుండా ఎండాకాలమంతా సర్వేకు సాయపడిన కార్మికుడికి కృతజ్ఞత చెప్పకపోతే ఎలా అని మడుగు యాజమాన్యానికి ఒక ఉత్తరం రాసింది. లస్మయ్యను పొగుడుతూ ఒక పేజీ, అతను ఏయే రోజు ఏ వేళకు ఎన్ని చూశాడో చూపే పట్టిక రెండు పేజీలు. పంపే ముందు నాకు పంపి, ఒకసారి సరిచూడు, ముఖ్యంగా ఈ సమయాలు చూడు, అన్నీ మధ్యాహ్నాలే ఉన్నాయి, అతనికి ఇబ్బందేమీ కాదు కదా అని అడిగింది.

నేను చూశాను. మొదటి పేజీలో నా పేరు ఎక్కడుందో వెతికాను. రెండో పేరాలో ఉంది. 'మా సీనియర్ వలంటీరు సావిత్రి పర్యవేక్షణలో' అని ఉంది. స్పెల్లింగు కూడా సరిగా ఉంది.

అంతా సరిగానే ఉంది అని జవాబు రాశాను. అప్పుడు పప్పు కుక్కర్ మూడో కూత వేసింది. వెళ్ళి స్టవ్ ఆపాను.

ఉత్తరం మడుగు వాళ్ళ నుంచి లస్మయ్య కంపెనీకి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. నిషేధ వేళల్లో తమ కార్మికుడు రెండున్నర నెలలు ఎండలో ఉన్నాడని తారీఖులతో సహా కాగితం చేతికొస్తే ఏ కంపెనీకైనా చెమటలు పడతాయి. సైటు మూసేస్తారేమోనని వాళ్ళ భయం. లస్మయ్యను ఆఫీసుకు పిలిచి, నన్నెవరూ పంపలేదు, నా అంతట నేనే వెళ్ళాను అన్న కాగితం ముందుపెట్టారు. అతను సంతకం చేశాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"మీ పేరు తీయలేదమ్మా. మీ ఉప్పు తిన్న, ఎట్ల తీస్త? కని క్యాంప్ బాస్ ఒక మాట చెప్పిండు. సర్వే అమ్మ అడిగితెనే పోయిండని మీరు ఒక్క ముక్క రాసిస్తె వార్నింగ్ ఇచ్చి ఈడనే ఉంచుతరట. లేకుంటె మెసయీద్ వేస్తరట." మళ్ళీ తనే, "మీకు ఇబ్బందైతె వద్దమ్మా" అన్నాడు.

సార్‌ను అడిగి చెప్తానన్నాను.

సార్ కాఫీ కప్పు కింద పెట్టి నన్ను చూశారు. ఎండ వేళ ఆగండి అని పోస్టరు రాసిన ఆవిడే, నిషేధం వేళ మనిషిని ఎండలోకి తోలిందన్నమాట అన్నారు. "రాయి. తప్పకుండా రాయి. నా రాజీనామా నేను రాస్తాను. రెండూ ఒకే కవర్లో పెట్టి పంపుదాం." అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. వారంలో ఆయన మరిచిపోయారు కూడా. ఆయన మీద నెట్టేసి తప్పించుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పిడికెళ్ళన్నీ నావే. ఎందుకంటే లస్మయ్య అడిగిన ఆ ఉత్తరం నేను రాశాను. ఎనిమిది వాక్యాలు. కంప్యూటర్లో డ్రాఫ్టుగా ఉంది. పంపబోయి ఆగింది మా ఆయన ఉద్యోగం గుర్తొచ్చి కాదు. మనిషిని కష్టపెట్టి తెచ్చిన లెక్క అని తెలిస్తే ఇనెస్ రెండున్నర నెలల పట్టికా కొట్టేస్తుంది. పసుపు పట్టీ తూనీగను కూడా కొట్టేస్తుంది. గడులు మళ్ళీ ఖాళీ అవుతాయి.

మూడు రోజులు నేను లస్మయ్య ఫోన్లు ఎత్తలేదు. నాలుగో రోజు అతను చేయలేదు. ఐదో రోజు ఒక సందేశం వచ్చింది. మెసయీద్ వచ్చిన అమ్మా, ఈడ తూనీగలు లేవు అని. దానికి నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాను.

సెప్టెంబరు పదిహేనుతో నిషేధం ముగిసింది. ఎండ మాత్రం ముగియలేదు. ఇరవయ్యో తారీఖున మధ్యాహ్నం లస్మయ్య పైపుల మీద పడిపోయాడు. అప్పటికి నిషేధం పోయి ఐదు రోజులు గనక అంతా చట్టప్రకారమే జరిగింది. ఎవరి తప్పూ లేదు. ఈ సంగతి నాకు మడుగు గేటు కాపలా మనిషి చెప్పాడు. బతికాడట, కానీ మాట, చెయ్యి సరిగా లేవట. అక్టోబరులో ఇంటికి పంపేశారు. ఆసుపత్రికి వెళ్ళి చూశావా అని అడగకండి.

నవంబరులో చల్లబడ్డాక మళ్ళీ మడుగుకు వెళ్ళాం. ఆ వారమే నగరం నడుమ ముషైరిబ్‌లో ఒక హాలులో ఇనెస్ కొత్త జాబితా విడుదల చేసింది. పదహారో పేజీలో పసుపు పట్టీ తూనీగ, దేశంలో తొలి నమోదు, సావిత్రి వి. అని ఉంది. ఫోటో కింద, తీసిన మనిషి పేరు ఉండాల్సిన చోట 'స్థానిక సహాయకుడు' అని ఉంది. ఆ పేజీ కూడా అచ్చుకు వెళ్ళేముందు నేనే సరిచూశాను. లస్మయ్య ఏడీ అని ఇనెస్ అడిగితే, కంపెనీలు మనుషుల్ని ఇలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తూనే ఉంటాయని చెప్పాను, ఆవిడ నొచ్చుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా కొట్టారు.

ఆ శుక్రవారం తూము దగ్గర లెక్క తీస్తుండగా ఫోన్ మోగింది. లస్మయ్య నంబరే. ఎత్తకుండా ఉండాల్సింది. అలవాటు కొద్దీ ఎత్తాను. ఆడగొంతు.

"దుబాయ్ల పురుగుల సదువు అమ్మ మీరేనా? నేను గంగామణిని. లస్మయ్య ఇంటామెను."

వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే. ఎలా ఉన్నాడని అడిగాను. ఉన్నాడంది. చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడట. కుడిచేత్తో ముద్ద కలపలేకపోతున్నాడట. పొద్దంతా వాకిట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు గంగామణి పేరు దుబాయ్ పుస్తకంలో ఎక్కిందని చెబుతున్నాడట. ఊళ్ళో నవ్వుతున్నారట. కంపెనీ కాగితం చదివించుకుంటే అందులోనూ అదే ఉందట, తన అంతట తానే ఎండలో తిరిగాడని. పురుగుల వెంబడి పడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఆమె సొంత తమ్ముడే అన్నాడట. ఆమె గొంతులో ఏడుపు లేదు. చాలా రోజులుగా మనసులో పెట్టుకున్నది అడగడానికి చేసిన ఫోన్ అది.

"ఒక్క మాట చెప్పుండ్రి అమ్మా. ఆ ఎండల ఆయనను ఎవ్వలన్న వొమ్మన్నరా, ఆయనే వొయిండా? నాకేం అద్దు. ఎవ్వలన్న పంపితె వొయిండంటె పని జేసి పడ్డడనుకుంట. నలుగుట్ల తలెత్తుకుంట. గంతే."

వెనక నుంచి లస్మయ్య గొంతు వినిపించింది. మాటలు నెమ్మదిగా, ఈడ్చుకుంటూ వస్తున్నాయి. "నేనే వొయిన అని జెప్పిన గదనే. అమ్మను ఎందుకు సతాయిస్తవ్."

"ఆయన గట్లనే అంటడు. మీరు సదువుకున్నోళ్ళు. మీరు జెప్పుండ్రి. అబద్ధమాడుతుండా?"

నా ఎదురుగా తడి రాయి మీద పసుపు పట్టీ తూనీగలు మూడు వాలి ఉన్నాయి. పక్కన ఇనెస్ నా అంకె కోసం పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు తెలుగు రాదు. నేను ఏం చెప్పినా అర్థమయ్యేది ఫోన్ అవతల ఉన్న ఆ ఇద్దరికే.

"లేదమ్మా" అన్నాను. "లస్మయ్య నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు."

గంగామణి ఫోన్ పెట్టేయడం మరిచిపోయి భర్త వైపు తిరిగినట్టుంది. గొంతు దూరమైంది, గట్టిపడింది.

"ఇన్నవా? నీ అంతల నువ్వే వొయినవట. ఊరోళ్ళు అన్నదే నిజం. ఇగ వాకిట్ల కూసొని నా పేరు ఎత్తకు. లే, లోపటికి నడువు."

"ఎన్నొచ్చినయో అడుగే" అన్నాడు లస్మయ్య.

ఆమె అడగలేదు. ఫోన్ కట్ అయింది.

ఇనెస్ నా వైపు చూసింది. అన్నీ కలిపి పదిహేడు అని చెప్పాను. రాసుకుంది.